చౌక టెండరు, ఖరీదైన బడి

వరంగల్ నుండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలను మన రైల్వే సోదరులు ఎరుగుదురు. ఒకనాడు వారు పంపిన మనియార్డర్లను తెలంగాణ గ్రామాలలో పంచినది మన తపాలా సోదరులే. ఆ మరమగ్గాల కార్మికుల పిల్లల కొరకు సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడ నడుపుచున్నది. ఆ బడి గోడలు ఏ నిబంధనలపై లేచుచున్నవో తెలిసికొనుట మన బాధ్యత.

అచటి కార్పొరేషన్ కాంట్రాక్టులకు ఆధారం 1949 నాటి ప్రొవిన్షియల్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. దాని ప్రకారం పత్రికా ప్రకటన ద్వారా టెండర్లు పిలువవలెను. అయితే స్టాండింగ్ కమిటీ కారణాలు నమోదు చేసి, టెండరు లేకయే పని అప్పగించుటకు కమిషనరును అనుమతింపవచ్చును.

టెండరు లేని ఒప్పందం ఎంతటి ప్రమాదమో నాడు వేరొక చట్టం క్రింద నుండిన మోర్బీ పట్టణం చూపినది. అచటి మునిసిపాలిటీ టెండరు పిలువకయే వేలాడు వంతెనను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించినది. 2022 అక్టోబరు 30న అది కూలి 135 మంది మరణించిరి.

అయినను టెండరు పిలిచినంతనే రక్షణ కలుగదు. సిమెంటు, ఇనుము ధరలు అందరికీ దాదాపు ఒక్కటే. అందరికన్న మరీ తక్కువకు పాడిన కాంట్రాక్టరు కోత పెట్టేది కూలిలోనో, కాంక్రీటులోనో. కాంట్రాక్టు పనులను దగ్గరగా చూచిన మనకు ఇది క్రొత్త కాదు. చట్టం కోరినది అతి తక్కువ ధరను కాదు. అన్ని పరిస్థితులను చూచి మిక్కిలి ప్రయోజనకరమైన టెండరును. విచక్షణ ఇచ్చినచో పక్షపాతం వచ్చునని కొందరందురు. నిజమే. కనుకనే అర్హతా నియమాలను ముందుగానే ప్రకటింపవలెను, ఎంపిక కారణాలను బహిరంగపరుపవలెను.

కాంట్రాక్టరు కూలి ఎగవేసినచో ప్రధాన యజమాని చెల్లింపవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కూడ ఆ బాధ్యతను నిలిపినది. కావున కూలి చెల్లింపు రుజువు కానిదే తుది బిల్లు మంజూరు కారాదు. నాణ్యతా పరీక్షల ఫలితాలను బడి గోడపై గుజరాతీలోను, తెలుగులోను అంటింపవలెను.

కట్టిన కూలీకి కూలి, చదివే బిడ్డకు భద్రత: ఈ రెంటినీ ఇవ్వని టెండరు ఎంత చౌకయైనను ప్రజలకు నష్టమే.