ఆదోనిలో తెలుగు లేదట!

“మీ ఆదోనిలో తెలుగెక్కడుందండీ? సగం కన్నడం, సగం ఉర్దూ!” కృష్ణా తీరపు బంధుమిత్రులు నన్ను చూసి జాలిపడే తీరిది. భాషాప్రవీణ చదివినవాడు పోయి పోయి అక్కడ స్థిరపడ్డాడేమని వారి బాధ. నలభై యేండ్ల క్రితం ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, పదవీవిరమణ తరువాత కూడ కదలనివాడిని. నాకు జాలి అక్కరలేదు. జవాబు మాత్రం చెప్పవలసి ఉన్నది.

ఇక్కడివారు దుకాణాన్ని అంగడి అంటారు. గేదెను ఎనుము అంటారు. మరమరాలను బొరుగులంటారు. ఇందులో ఏది తెలుగు కాదు? ‘షాపుకు వెళ్ళొచ్చాను’ అనే నాగరికులు అంగడిని వెక్కిరించడం వింత. అంతకన్న వింత, ఈ ఊరి బడులలోనే కొందరు ఉపాధ్యాయులు పిల్లవాడు అంగడి అంటే షాపు అని దిద్దుతున్నారు!

కన్నడం కలిసిన మాట నిజమే. కలవకేమి? 1953 వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. ఆ యేడు ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చింది. పటం మీద గీత గీస్తే నాలుకలు చీలవు గదా. నేటికీ ఇక్కడ కన్నడ మాధ్యమ పాఠశాలలున్నవి.

ఇక ఉర్దూ. బిజాపూరు సుల్తానుల పక్షాన ఆదోనిని ఏలి, ఇక్కడ జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖానే మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడని మఠ సంప్రదాయం. స్వామి తమిళదేశాన పుట్టినవారు. ఆ పాలకుడు హబ్షీ. 1671లో స్వామి బృందావనప్రవేశం చేసిన ఆ మంచాలే నేటి మంత్రాలయం. శుద్ధివాదులు వీరిలో ఎవరిని వెళ్ళగొడతారో!

పత్తి కాలంలో మా మార్కెట్ యార్డుకు ఒక్కసారి రండి. ఒక రైతు తెలుగులో, మరొకరు కన్నడంలో, వ్యాపారి హిందీలో మాట్లాడుతుంటారు. బేరం ఎక్కడా తడబడదు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ ఆ సందడి వినడం నాకు ఏ అష్టావధానానికీ తీసిపోదు. (అవధాని మిత్రులు మన్నింతురు గాక.)

ఎండలు, నీటి ఎద్దడి లేవనను. అసలు కడగండ్లు ఒక్క మాటలోనే ఉన్నవి: సుగ్గి. కన్నడంలో అది కోతల కాలం, సంబరం. మా పడమటి పల్లెలలో సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకొని కూలికి వలసపోవడం. కోసిగి, మంత్రాలయం వైపు నుండి గుంటూరు మిరప చేలకు పోతారు. అక్కడ వీరి చేతులు కావాలి, మాట మాత్రం నవ్వులాట. సుగ్గి మొదలైతే తరగతిలో బల్లలు ఖాళీ అయ్యేవి. ఉగాది నాటికి తిరిగి వచ్చిన పిల్లలు ‘కొట్టు’, ‘కల్లం’ అని అక్కడి మాటలు చక్కగా పలికేవారు. ఆ నాలుగు నెలలలో గుంటూరు పిల్లలు ఎందరు ‘అంగడి’ నేర్చుకొన్నారో, తెలిసినవారు చెప్పండి.