చక్రాల కుర్చీకి దారీ, దారి చెప్పే నుడీ

ధర్మపురి నుండి చెన్నైకి చక్రాల కుర్చీతో ప్రయాణం తలపెట్టిన కుటుంబం టికెట్టుకంటె ముందు కొలతలు అడగాలి. ‘ర్యాంపు ఉంది’ అన్న మాట చాలదు. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. అంతకంటె నిటారైతే నెట్టేవారికీ, కూర్చున్నవారికీ అపాయమే. బస చేసే గదికీ, మరుగుదొడ్డికీ గుమ్మం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి.

చెన్నైలో ఏర్పాట్లు లేకపోలేదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. 2024లో మెట్లులేని తక్కువ ఎత్తు బస్సులు వచ్చాయి. మెరీనా తీరంలో 2022 నవంబరులో ప్రారంభించిన చెక్కబాట మరుసటి నెలలోనే తుఫానుకు దెబ్బతిన్నది, తరువాత బాగుచేశారు. అందుకే బయలుదేరే ముందు ఆరా తీయక తప్పదు. ఆ ఆరా ఏ భాషలో? తమిళం, ఇంగ్లీషు చదవలేని మన ఇంటి పెద్దలు అడగలేక, ‘ఎవరికీ బరువు కాకూడద’ని గడప దాటడమే మానుకొంటున్నారు.

2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘సమాచార వినిమయం’ అన్నదాని నిర్వచనంలో భాషలనూ చేర్చింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలరాదనీ, తప్పనిసరి నియమాలు కావాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తెలుగులో సమాచారం కోరడం దయ కోసం చేయి చాచడం కాదని నా అభిప్రాయం.

భాషోద్యమం బడి వాకిటనే ఆగరాదు. మన శాఖలు టేపు పట్టుకొని ముందు ధర్మపురి బస్టాండును, రైలు స్టేషనును కొలవాలి. తెలిసినదాన్ని తెలుగులో అచ్చువేసి ఇంటింటికీ పంచాలి. లోపాలను సోమవారం నాటి విన్నపాల దినాన కలెక్టరు ముందుంచాలి. నడవలేని అవ్వకు సముద్రం చూపించాలనుకొనే ఇంటికి ఆ ఒక్క కాగితం ఎంతో మేలు చేస్తుంది.