టర్బో బాగుచేతకు బ్యాలెన్సు చీటీ అడగాలి

దాళ్వా కోతలు మొదలైతే కోత మిషన్లకు రాత్రీ పగలూ ఉండదు. పైన మబ్బు, కింద పండిన చేను. మధ్యలో మిషను ఆగిందంటే రైతుకు కాలూ చెయ్యీ ఆడవు.

అలా ఆగిన ఒక మిషను తగువు ఈమధ్య మా సంఘం దాకా వచ్చింది. టర్బో పోతే షెడ్డులో బాగుచేయించారు. పది రోజులు తిరక్కుండానే మళ్లీ పోయింది. "డ్రైవరు తోలకం బాగాలే" అని షెడ్డువారు తేల్చేశారు. యజమాని ఆ ఖర్చును డ్రైవరు జీతంలో కోసుకున్నాడు. కూలిసంఘానికి మిషను లోపలి గొడవ ఎందుకండీ అని కొందరు అడిగారు. కోత పడింది కూలివాడి జీతానికి. అందుకే మేము నలుగురు మెకానిక్కులను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి ఈ సంగతి తెలుసుకోవలసి వచ్చింది.

అసలు ప్రశ్న ఇదీ: విప్పి బాగుచేసిన టర్బోకు మళ్లీ బ్యాలెన్సింగు చెయ్యాలా, అక్కర్లేదా? షెడ్డుకొక మాట చెబుతున్నారు.

టర్బో అంటే ఒకే ఇరుసుకు రెండు కొసల్లో రెండు రెక్కల చక్రాలు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. రెండోది బయటి గాలిని పీల్చి ఒత్తిడితో ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండి, అదే ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దగ్గర 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటికి సరిపోయే ఇంజన్లలో టర్బో మామూలైపోయింది. కనుక ఈ తగువులు ఇక ముందు పెరిగేవే.

ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరిగేచోట టర్బో ఇరుసు లక్ష చుట్ల దాకా పోతుంది. చిన్న టర్బోలైతే అంతకు మించి కూడా. ఇరుసు నడిమి నుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒకే ఒక్క గ్రాము బరువు ఎక్కువుందనుకోండి. లక్ష చుట్ల వేగంలో అది సుమారు 280 కిలోల బలంతో ఇరుసును పక్కకు లాగుతుంది. గ్రాములో పదో వంతయినా 28 కిలోలు. వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలు. ఇరుసు వంకరపోయిన ఎడ్లబండి ఊగుతూనైనా ఊరు చేరుతుంది. టర్బో ఇరుసు పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరిగేది. ఆ పొర చెదిరితే ఇనుముకు ఇనుము తగిలి బుష్షులు అరిగిపోతాయి, చక్రం గోడను గీకుతుంది.

ఇక జవాబు. చక్రాలూ ఇరుసూ పాతవే ఉండి, వాటికి దెబ్బ తగలకుండా, బుష్షులూ సీలు రింగులూ మాత్రమే మార్చారనుకోండి. విప్పేముందే నట్టుకూ చక్రానికీ ఇరుసుకూ గుర్తులు పెట్టుకుని, అదే గుర్తుకు బిగించాలి. చక్రాలను విడివిడిగా బ్యాలెన్సు చేసి తయారుచేసిన పెద్ద డీజిలు టర్బోలు కొన్నింటికి అంతటితో సరిపోతుంది. కానీ ఒక్క చక్రం మార్చినా, ఇరుసు మార్చినా, రెక్క అంచు చితికినా బ్యాలెన్సింగు తప్పదు. చిన్నవి, ఎక్కువ వేగంతో తిరిగేవి అయితే విడి చక్రాలను సరిచూస్తే చాలదు. మొత్తం బిగించి, నూనె పోస్తూ, ఎక్కువ వేగంలో తిప్పి చూడాలి. ఎందుకంటే బిగింపులో వచ్చిన తేడా బిగించాకే బయటపడుతుంది. అనుమానముంటే చేయించడమే మంచిదని మా అభిప్రాయం.

అయితే బ్యాలెన్సింగు సర్వరోగనివారిణి కాదు. మురికి నూనె, పూడిపోయిన నూనె గొట్టం, ధూళితో నిండిన ఏర్ క్లీనరు ఎన్నో టర్బోలను చంపుతున్నాయి. అసలు కారణం తీయకుండా కొత్తది బిగించినా అదీ పోతుంది. బరువు మీద నడిచిన ఇంజనును గబుక్కున ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఇది డ్రైవరు పని, మేము ఒప్పుకుంటాం. మరి గంట కిరాయి లెక్కన ఆ మూడు నిమిషాలూ దండగని అరిచేదెవరు? నూనె మార్పు వచ్చేవారానికి వాయిదా వేసేదెవరు? యజమాని కూడా చాలాచోట్ల కంతుల అప్పులో మునిగిన రైతే. అతని బాధ మాకు తెలుసు. ఆ బాధను తనకంటే కింద ఉన్నవాడి మీదికి నెట్టడం న్యాయం కాదు.

కనుక మేము కోరేది మూడు ముక్కలు. షెడ్డువారు ఏ భాగం మార్చారో బిల్లులో రాయాలి, పాత భాగాలు తిరిగివ్వాలి. బ్యాలెన్సింగుకు డబ్బు తీసుకుంటే మిషను చూపిన కొలత చీటీ ఇవ్వాలి. కారణం తేలేదాకా డ్రైవరు జీతంలో పైసా కోయరాదు. జిల్లాకొక ఐటీఐలోనైనా ఈ బ్యాలెన్సింగు మిషను పెట్టి పిల్లలకు పని నేర్పాలని ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాం.

డ్రైవరు సోదరులకు ఒక మాట. టర్బో షెడ్డుకు వెళ్లిన రోజు మీరూ వెంట వెళ్లండి. చీటీ అడిగి జేబులో పెట్టుకోండి. రేపు మాట వచ్చినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.