జట్టునకు ఊరు కావలెనా?

2025వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదు నగరము తన ఫుట్‌బాలు జట్టును పోగొట్టుకొన్నది. జట్టు ఓడిపోలేదు, ఊరు విడిచి వెళ్లినది. 2019లో హైదరాబాదు ఎఫ్‌.సి. అను పేరుతో వెలసిన ఆ సంఘము ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త పేరు ధరించినది. ఆటగాండ్రు వేతనము దొరకు చోటికిని, యజమానులు లాభము కనబడు చోటికిని పోవుట లోకసహజమే గదా, ఇందు వింత యేమని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము రెండు ఊళ్ల చరిత్రలో గలదు. ఒకటి గ్రీసు దేశమునందలి లారిస్సా; రెండవది ఒకనాటి హైదరాబాదు.

లారిస్సా థెస్సలీ మైదానమునకు ముఖ్యపట్టణము. చుట్టును పంటపొలములు, గుఱ్ఱములకు పూర్వమునుండి ప్రసిద్ధి. జట్టు చిహ్నము కూడ గుఱ్ఱమే. టమోటా సంతకు పేరొందిన మదనపల్లెవలె పల్లెల పంట వచ్చి చేరు పట్టణమనుకొన్న చాలును. 1964లో ఊరిలోని చిన్న సంఘములు కొన్ని తమ వేర్వేరు పేర్లు వదలుకొని ఏకమై ఏ.ఇ.ఎల్. అను ఒక్క జట్టుగా ఏర్పడినవి. ఎవరి జెండా వారు పట్టుకొని యుండినచో అవి వీథిజట్లుగనే మిగిలియుండెడివి. ఆ జట్టు 1985లో గ్రీకు కప్పును, 1988లో దేశపు లీగు విజేతృత్వమును గెలుచుకొన్నది. ఏథెన్సు, పిరేయుసు, థెస్సలోనికి నగరముల జట్లు తప్ప ఆ లీగును గెలిచినది లారిస్సా ఒక్కటియే.

ఆ 1988లోనే ఒక చిక్కు వచ్చినది. ఒక ఆటగాడు నిషిద్ధ పదార్థము సేవించినట్లు పరీక్షలో తేలగా, అధికారులు జట్టు పాయింట్లలో కోత విధించిరి. వెంటనే ఊరిజనము ఏథెన్సు, థెస్సలోనికిలను కలుపు రాజమార్గమున బైఠాయించి రాకపోకలు స్తంభింపజేసినది. తుదకు కోత రద్దయినది. అందలి న్యాయాన్యాయముల మాట యట్లుంచుడు. జట్టునకు కష్టము కలిగినప్పుడు ఊరు రోడ్డుపైకి వచ్చినది. గమనింపవలసినది ఈ సంగతి. హైదరాబాదు జట్టు ఊరు విడిచిననాడు ఏ రాజమార్గమును నిలిచిపోలేదు.

హైదరాబాదువారికి ఆటపై మమకారము లేకనే ఇట్లు జరిగినదనుట పొరపాటు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు బొంబాయిలోని రోవర్సు కప్పును వరుసగా అయిదు సార్లు గెలిచినది. డ్యూరాండు కప్పును 1950లోను, 1954లోను సాధించినది. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరుతో 1961లో ఆ కప్పును మరల తెచ్చినది. కలకత్తాలోని మహాసంఘములకు ఆనాడు దక్షిణదేశమున సరిజోడు ఈ జట్టే.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిచే బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. 1950 నుండి 1963లో కన్నుమూయు వరకు పోలీసు జట్టునకు శిక్షకుడు. బంతిని తన కాళ్ల వద్దనే అట్టిపెట్టుకొనక వెంటనే తోటివానికి అందించునట్లు కుఱ్ఱవాండ్రకు ప్రత్యేకపు పోటీలు నడపెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనని నియమము పెట్టి రెండు కాళ్లకును పని నేర్పెను. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అను పేదబాలుడు శిక్షణకు వచ్చుటకు దారిఖర్చు లేదనగా, అద్దెసైకిలు ఏర్పాటు చేయించినది ఆయనే. ఆ బాలుడే 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు వెళ్లెను. రహీం శిక్షణలో భారత జట్టు అచట నాలుగవ స్థానము పొందినది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచినది.

ఆ వైభవము క్షీణించుటకు కారణములు లేకపోలేదు. కలకత్తా సంఘములు ఉత్తమ ఆటగాండ్రను ఆకర్షించినవి. బలరాం కూడ 1957లో ఈస్టు బెంగాలునకు తరలిపోయెను. 1963లో రహీం మరణించిన పిదప ఆ స్థానమును నింపగలవారు దొరకలేదు. అయినను ఆ జట్టు ఊరుమారినదిగా కాలేదు. ఏలయన, అందలి ఆటగాండ్రు ఊరి గల్లీలనుండి వచ్చినవారు. పోలీసు ఉద్యోగమే వారి జీవనాధారము. గురువు ఊరి పంతులు.

కొత్త జట్టు సంగతి వేఱు. పూనా నగరపు జట్టు మూతపడగా దాని స్థానమున ఇది హైదరాబాదునకు వచ్చినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. అంటువ్యాధి కారణమున ఆ సంవత్సరపు ఆటలన్నియు గోవాలోనే జరుగుటచే, తమ జట్టు విజేతయైన యేడు హైదరాబాదు ప్రేక్షకులు గచ్చిబౌలి మైదానమున ఒక్క ఆటయైనను చూడలేదు. ఇది యెవరి దోషమును కాదు. కాని వేరు నాటుకొనవలసిన వేళ చెట్టు కుండీలోనే యుండిపోయినది. పూనాకు బదులుగా వచ్చినది ఢిల్లీకి పోయినది. కుండీని ఎత్తుకొనిపోవుట సులభము.

యజమానుల ధనము అక్కఱలేదని దీని భావము కాదు. ధనము లేక జట్టు బ్రతుకదు. పోలీసు జట్టునకు సయితము ప్రభుత్వోద్యోగములే ఆధారము. అయితే ధనము జట్టును కొనగలదే గాని ఊరిని కొనలేదు.

పాకాల ధర్మవరము రైలుమార్గముననున్న కురబలకోట వంటి గ్రామములకు ఇందు పాఠము గలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల బాలురకు లీగు జట్లు అందని పండ్లు. బడి మైదానము అందని పండు కాదు. అది ఆక్రమణకు లోనుగాక యుండవలెను. వ్యాయామపు పీరియడు లెక్కల పాఠమునకు బలికాక నిలువవలెను. పొరుగూరి బడితో ఏటేట ఒక పందెమైనను జరుగవలెను. ఈ మూడును జరిగినచో రహీం వంటి పంతులునకు పని దొరకును, బలరాం వంటి బాలునకు దారి దొరకును. లారిస్సా వీథిజట్లు ఏకమైననాడు వాటికి లీగు లేదు, కప్పు లేదు. ఊరు మాత్రమే యుండెను. కప్పులు తరువాత వచ్చినవి.