నకలు ఉన్నదా? తీసి చూపండి!

కామారెడ్డి: పింఛను అర్జీ ఇచ్చిన అవ్వకు 'కంప్యూటరులో కనబడుట లేదు' అని జవాబు వస్తే ఆమె ఎవరిని అడగాలి? పాత విండోస్, కొత్త విండోస్, లైనక్సు ఒకే నెట్‌వర్కులో ఉన్న కార్యాలయాలలో రాత్రి నకలు ఆగిపోవడం వింత కాదు. ఎద్దును, దున్నను ఒకే కాడికి కట్టినట్లే. 2017 మేలో వానాక్రై వైరస్ పాత విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతిలోని లొసుగు గుండా పాకింది. ఆ ఏడాది చివరి నుంచి కొత్త విండోస్ ఆ దారి మూసింది. అందుకే పాత యంత్రం పిలిచినా కొత్తది పలకదు. దారి మళ్లీ తెరవడం కాదు, పాత యంత్రాన్నే మార్చాలి. తెరపై 'పూర్తయింది' అని కనబడితే చాలునా? నెలకొక ఫైలునైనా వెనక్కు తెచ్చి చూడాలి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి. 2025 ఆగస్టులో కామారెడ్డి కాలనీలే నీట మునిగాయి. నకలు కూడా అదే గదిలో ఉంటే ఏమి లాభం? కామారెడ్డిది ఎల్లారెడ్డిలో, ఎల్లారెడ్డిది కామారెడ్డిలో భద్రపరచేందుకు అధికారులు వెంటనే ఏర్పాటు చేయాలి.