ఆటపాటలు: గోల్ఫు విసురు – దోషములు, దిద్దుబాట్లు

గడచిన మాసమున ఈ శీర్షికక్రింద ఈతను గూర్చి వ్రాసియుంటిని. గోల్ఫు ఆటను గూర్చియు వ్రాయవలసినదని సోదరీమణులు కొందఱు కోరియున్నారు. గోలకొండకోట చెంతను, విశాఖపట్టణమునందును గోల్ఫు మైదానములు గలవు. బెంగుళూరు, చెన్నపట్టణము మొదలగు నగరములలోను, విదేశములలోను కాపురములున్న మన యాడువారును ఈ యాట నభ్యసించుచున్నారు. పిల్లలు బడికి బోవు వయసు వచ్చిన పిమ్మటనే కఱ్ఱ చేతబట్టినవారును వారిలో గలరు. అట్టివారు కొంతకాలము శ్రమపడియు, బంతి చెప్పినదారిని పోకుండుట చూచి, ‘ఈ యాట మన శరీరమునకు దగినది గాదు’ అని కఱ్ఱను మూలబెట్టుచున్నారు. వారిని మఱల మైదానమునకు బంపవలెననియే నా యుద్దేశము. దోషము శరీరమునందుండుట అరుదు. అది పట్టులోనో, నిలుచు తీరులోనో, చేతికిచ్చిన కఱ్ఱలోనో యుండును; వెదకినచో దొరకును, దొరకినచో దిద్దుకొనవచ్చును.

స్త్రీకి ఈ యాట దగదను మాట క్రొత్తది గాదు. గోల్ఫునకు బుట్టినిల్లయిన స్కాట్లండు దేశమున, సెయింట్ ఆండ్రూసు పట్టణములో, 1867వ సంవత్సరమున స్త్రీలకొక గోల్ఫు సంఘ మేర్పడినది. కాని వారు బంతిని గుంటలోనికి మెల్లగా దొర్లించు ఆటమాత్రమే ఆడుచుండిరి. కఱ్ఱను భుజమునకు మీదుగా నెత్తుట స్త్రీకి శోభింపదని 1890వ సంవత్సరమున వెలువడిన యొక ఆంగ్లగ్రంథమున ఒక ప్రభువు వ్రాసియున్నాడు. మూడేండ్లు గడచునప్పటికి, 1893లో, స్త్రీల గోల్ఫు సమితి స్థాపింపబడి ప్రథమ పోటీ జరిగినది. అందు లేడీ మార్గరెట్ స్కాట్ అను యువతి కఱ్ఱను నిండుగా భుజము దాటించి విసరి గెలిచినది. 1894లోను, 1895లోను మఱల నామెయే గెలిచినది. 1930లో అమెరికా దేశీయుడైన బాబీ జోన్సు, జాయిసు వెదరెడ్డు అను ఆంగ్లస్త్రీతో గలసి యాడి, పురుషులలో గాని స్త్రీలలో గాని అంతటి చక్కని యాట తాను జూచియుండలేదని కొనియాడెను. అయినను సెయింట్ ఆండ్రూసునందలి ప్రాచీన పురుషసంఘమువారు స్త్రీలను సభ్యులుగా జేర్చుకొనుట కంగీకరించినది 2014లో మాత్రమే. మన దేశమున బెంగుళూరునందు జనించిన అదితీ అశోక్, 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచినది. ఒక్క దెబ్బ తేడాతో పతకము చేజాఱినది. ఆమె బంతిని మిక్కిలి దూరము గొట్టువారిలోనిది గాదు. ఈ యాటకు బలమొక్కటే మూలము గాదనుట కింతకన్న నిదర్శన మేల?

విసురన నేమో మొదట జెప్పెదను. కఱ్ఱను వెనుకకు ద్రిప్పి పైకెత్తి, మఱల దించి బంతిని గొట్టి, ముందువైపు భుజముమీదికి గొనిపోవు చలనమునంతయు ఆంగ్లమున స్వింగు అందురు. దానినే నేనిచ్చట విసురని వ్రాయుచున్నాను. గోల్ఫుబంతి బరువు 46 గ్రాములకు మించదు. కఱ్ఱకును బంతికిని స్పర్శయుండు కాలము సెకండులో సుమారు రెండువేలవ వంతు. ఇంత స్వల్పకాలములో చేయి దిద్దుకొనుట ఎవరికిని శక్యము గాదు. బంతి తగులునపుడు కనబడు దోషము అంతకు ముందే యెచ్చటనో పుట్టియుండును. రోగమునకు నిదానమును దెలిసికొని దానిని దొలగించుటయే చికిత్సకు మొదటి మెట్టని మన వైద్యశాస్త్రము చెప్పుచున్నది గదా! గోల్ఫునకును అదియే సూత్రము. దోషమును కనబడినచోట గాక పుట్టినచోట దిద్దవలెను.

దీనికి దృష్టాంతముగా, క్రొత్తవారిని మిక్కిలి వేధించు దోషము నొకదానిని జూడుడు. కుడిచేతివాటముగల యొక స్త్రీ బంతిని గొట్టగా, అది నడుమ వంకర దిరిగి కుడిప్రక్క పొదలలో బడును. దీనిని స్లైసు అందురు. ఆమె యేమి చేయును? బంతి కుడికి బోవుచున్నది గాన తాను ఎడమకు దిరిగి నిలుచును. ఈమాఱు బంతి మఱింత వంకరదిరుగును. ఆమె యింకను ఎడమకు దిరుగును. ఇట్లు మందే రోగమును బెంచుచుండును.

ఇట్లేల జరుగును? కఱ్ఱ చివర బంతిని దాకు చదునైన భాగమును ముఖమందురు. ఆ ముఖము చూచు దిక్కొకటి, కఱ్ఱ పోవు దారి యొకటి. ఈ రెండును గలసి బంతి గమనమును నిర్ణయించును. బంతి చాలవఱకు ముఖము చూచు దిక్కునకే బయలుదేరును. ముఖమునకును దారికిని భేదమున్నచో, బంతి ఏటవాలుగా గిరగిర దిరుగుచు, దారికి దూరముగా, ముఖము చూచినవైపునకే వంగును. బంతి కఱ్ఱదారినిబట్టియే బయలుదేరునని పూర్వపు గ్రంథములు పెక్కింట గలదు. అది సరిగాదని నేటి రాడారుయంత్రములు తేల్చినవి. స్లైసు గొట్టు స్త్రీ కఱ్ఱ బయటినుండి లోపలికి, అనగా ఎడమవైపునకు, కోసికొనుచు బోవుచున్నది. ముఖము ఆ దారికంటె కుడికి జూచుచున్నది. ఆమె దేహము ఎడమకు దిరిగినకొలది దారియు ఎడమకు దిరుగును; ముఖమును మాత్రము ఆమె గురివైపే నిలుపజూచును. భేదము హెచ్చును, దానితో వంకరయు హెచ్చును.

కావున దిద్దుబాటు బంతియొద్ద గాక చేతిపట్టుయొద్ద నారంభింపవలెను. ఎడమచేతిలో కఱ్ఱను అరచేతి నడుమ గాక వ్రేళ్ల మొదళ్లకు జేర్చి పట్టవలెను. పట్టి క్రిందికి జూచినపుడు ఆ చేతి మెటికలు రెండో మూడో కనబడవలెను. ఒక్కటియే కనబడినచో ముఖము కుడికి దెఱచుకొనును. నాలుగును గనబడినచో ఎడమకు మూసికొనును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నేర్పడు గీత, రెండుచేతులయందును, గడ్డమునకును కుడిభుజమునకును నడుమ జూపుచుండవలెను. కుడిచేతి చిటికెనవ్రేలిని ఎడమచేతిమీద నానించి పట్టు పద్ధతిని హారీ వార్డన్ అను నాటగాడు ప్రసిద్ధికి దెచ్చెను. వ్రేళ్లు పొట్టిగా నున్నవారు ఆ చిటికెనవ్రేలిని ఎడమచేతి చూపుడువ్రేలితో బెనవైచి పట్టవచ్చును, లేదా పదివ్రేళ్లను కఱ్ఱమీదనే యుంచవచ్చును. ఇందు దప్పులేదు. ఎంత బిగువుగా బట్టవలెనందురా? పసిపిల్ల చేయి పట్టుకొని వీధి దాటించునంత. జాఱిపోరాదు, నొప్పింపనురాదు. బిగియబట్టినచో ముంజేయి కొయ్యబాఱి, కఱ్ఱముఖము సకాలమున గురివైపునకు దిరుగదు.

పిమ్మట నిలుచు తీరు. రెండు కఱ్ఱలను నేలమీద రైలుపట్టాలవలె సమదూరముగా బఱచి, ఒకటి బంతికి ఆవల గురివైపునకు జూపునట్లును, రెండవది పాదముల మొనలయొద్దను ఉంచవలెను. పాదములు, తుంట్లు, భుజములు మూడును వానితో సమముగా నుండవలెను. ఎడమకు దిరిగి నిలుచుట కలవాటుపడినవారికి, ఇట్లు సరిగా నిలిచినపుడు తాము కుడికి దిరిగినట్లు తోచును. ఆ తోపును నమ్మరాదు. నేలమీది కఱ్ఱలనే నమ్మవలెను. వీపును గూనుచేయక, ముగ్గు వేయునపుడువలె తుంటియొద్దనే, అయితే కొంచెముగా, వంగి మోకాళ్లను సడలింపవలెను.

మూడవది కఱ్ఱను దించు విధము. పైకెత్తిన వెంటనే కుడిభుజముతో బంతిమీదికి దూకినచో కఱ్ఱ బయటినుండియే వచ్చును. ముందు దేహభారము ఎడమపాదముమీదికి రావలెను. పిమ్మట నడుము దిరుగవలెను. భుజములును చేతులును దాని వెంబడి రావలెను. పరీక్షకొఱకు బంతికి ఆవలిప్రక్క బెత్తెడు దూరమున, కొంచెము వెనుకగా, మెత్తని తువాలుచుట్ట నొకదానిని బెట్టుడు. దానిని దాకక బంతిని గొట్టగలిగిననాడు దారి బాగుపడినదని యెఱుగునది.

ఇక రెండవ దోషము, బంతి నెత్తిన దెబ్బ తగులుట. అప్పుడు బంతి గాలిలోనికి లేవక నేలమీద బ్రాకుచు బోవును. చూచినవారందఱు ‘తల యెత్తితివి, బంతినే చూడుము’ అందురు. అర్జునుడు పక్షికంటిని దక్క మఱేమియు జూడని కథను జ్ఞాపకము చేయువారును గలరు. కథ నిజమే. కాని ద్రోణాచార్యుడా ప్రశ్న నడుగునప్పటికి అర్జునునకు నిలుచుటయు, విల్లు పట్టుటయు, నారి దీయుటయు నేర్పియేయుండెను. చూపొక్కటే బాణమును నడపజాలదు. తల లేచుట తఱచుగా కార్యమే గాని కారణము గాదు. బంతిని తామే లేవనెత్తవలెనను తలంపుతో వెనుకపాదముమీదికి వాలుట, మోచేతులు ముడుచుట, వంగిన దేహమును దెబ్బకు ముందే నిటారు చేయుట, ఇవి కారణములు. వెనుకపాదముమీదనే నిలిచిపోవు స్త్రీకి ఒకమాఱు బంతినెత్తిమీదను, ఒకమాఱు బంతికి వెనుక నేలమీదను దెబ్బ తగులును. చూచుటకు దోషములు రెండు, మూల మొక్కటియే.

బంతిని లేవనెత్తుట కఱ్ఱ పని. దాని ముఖమును వాలుగా జేసిన దందులకే. ఇనుపకఱ్ఱతో గొట్టునపుడు ముందు బంతియు, పిమ్మట నేలయు దాకవలెను. ఇసుకలో నొక గీత గీసి, దానికి గురివైపున కఱ్ఱ నేలను దాకునట్లు, బంతి లేకయే విసరి యభ్యసింపుడు. వరుసగా పదిమాఱులు గుర్తు సరియైనచోట బడువఱకు బంతిని బెట్టవలదు. వెనుకకు విసరునపుడు దేహము దిరుగవలెను గాని కుడికి జరుగరాదు. దీనికి సూర్యుడే యుపాధ్యాయుడు. ఎండకు వీపుచేసి నిలిచి, తలనీడ పడినచోట నొక ఆకు నుంచి, మెల్లగా విసరి చూడుడు. నీడ ఆకును విడిచి చాల దూరము పోవుచున్నచో మీరు తిరుగుటకు మాఱుగా జరుగుచున్నారు.

ఆడలేక మద్దెల యోడనుట సామెత. గోల్ఫులో మాత్రము ఒక్కొక్కమాఱు మద్దెల నిజముగానే యోడు. భర్తయో అన్నయో వాడి విడిచిన కఱ్ఱలను మన యాడువారి కిచ్చుట కలదు. అవి వారి యెత్తునకును బలమునకును దగినట్లు జేసినవి. మనకు పొడవెక్కువ, బరువెక్కువ, కాడ బిగువెక్కువ. అట్టి కఱ్ఱముఖము సకాలమున దిరుగక బంతి కుడికి బోవును. ఆమె తన చేతులను నిందించుకొనును. తేలికయై, కాడ కొంచెము వంగునట్లు స్త్రీలకొఱకు జేసిన కఱ్ఱలు దొరకుచున్నవి. పొడగరులును బలిష్ఠలును నగువారికి పురుషుల కఱ్ఱలే సరిపోవచ్చును. కొలిపించుకొని కొనుట మేలు. ఆటలో పదునాలుగు కఱ్ఱలవఱకు వాడవచ్చునని నియమము గలదు గాని నేర్చుకొనువారికి ఐదాఱు చాలును. ఏడవ సంఖ్య ఇనుపకఱ్ఱతో, సగము విసురుతో నారంభింపుడు.

అభ్యాసమునందు ఒక దినమున కొక దోషమునే చేపట్టవలెను. వ్రాతపుస్తకమునిండ ఎఱ్ఱసిరా పోసి యిచ్చినచో బాలుడు దేనిని దిద్దుకొనును? పట్టు, నిలుకడ, త్రిప్పుట, దించుట, ఈ వరుసయే వరుస. చేతిఫోనుతో వెనుకనుండి యొకమాఱు, ఎదుటనుండి యొకమాఱు చిత్రము దీయించి చూచుకొనుడు. మనము చేయుచున్నామనుకొనునది వేఱు, చేయుచున్నది వేఱు. ముప్పది బంతులు శ్రద్ధతో గొట్టుట నూఱు బంతులు తొందరతో గొట్టుటకంటె మేలు. కొట్టుటకు ముందు భుజములను, నడుమును, మణికట్టులను మెల్లగా ద్రిప్పి సడలించుకొనుడు. నడుమునందో మోచేతియందో నొప్పి పుట్టినచో ఆట నిలిపి వైద్యుని జూడవలెను. నొప్పిని ఓర్చుకొనుట ఈ యాటలో గుణము గాదు.

మైదానమున స్త్రీ కఱ్ఱ యెత్తినంతనే సలహా చెప్పుటకు నలుగురు మూగుదురు. వారి దయకు నమస్కరించి, ఒక్క గురువు మాటనే యనుసరింపుడు. ఆ గురువైనను బంతి పోయినచోటును జూచి తీర్పుచెప్పువాడు గాక, మీ చేతిపట్టును మొదట జూచువాడై యుండవలెను. ‘నా శరీర మింతే’ అని కఱ్ఱను మూలబెట్టిన సోదరి, దానిని మఱల దీసి, తన యెడమచేతి మెటికలను లెక్కించుకొనునుగాక.

బంతిని గుంటలోనికి దొర్లించు విధమును వచ్చు మాసమున వ్రాసెదను. ఆ గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు మాత్రమే. దాని యభ్యాసమునకు మైదానము గూడ నక్కఱలేదు. ఇంటిలో పఱచిన చాపయే చాలును.