పెంపుడు కుక్క – పెంచువాని ధర్మము

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతముల పల్లెలలో కుక్క లేని వీథి కానరాదు. వేసవి సెలవులు రాగానే బాలురు చురుకైన కూన నొకదానిని ఇంటికి దెచ్చి, పేరు పెట్టి, పాలు పోయుదురు. అది మెచ్చదగిన పనియే. కాని నాలుగు నెలలు గడచునప్పటికి ఆ కూన పెరిగి చెప్పులు కొరుకును, కోళ్లను తరుమును, వచ్చిన చుట్టముపై దుముకును. ఇంటివారు విసుగుచెంది దానిని చేల వైపు తోలివేయుదురు. సెలవులలో పుట్టిన ప్రేమ సెలవులతోనే ముగియును.

అట్లు తోలివేసిన కుక్క యేమగును? ఆకలి దానికి వేట నేర్పును. ఈ సీమలోని చేలయందును, గడ్డి బీళ్లయందును కృష్ణజింకలు మందలుగా తిరుగుచుండును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఈ కృష్ణజింకయే. పెరిగిన జింక పరుగును కుక్క అందుకొనజాలదు. కాని తల్లిజింక తన పిల్లను మొదటి దినములలో గడ్డిలో దాచి, దూరముగా మేయుచు, పాలిచ్చుటకు మాత్రమే వచ్చిపోవును. పిల్ల కదలక మెదలక నేలకు కరచుకొని యుండును. ఆ యుపాయము మనుష్యుని కన్నును మోసగించును గాని కుక్క ముక్కును మోసగింపజాలదు.

బట్టమేక పిట్ట స్థితి మరింత దయనీయము. దాని రక్షణకై నందికొట్కూరు సమీపమున రోళ్లపాడులో 1988లో అభయారణ్యము ఏర్పడినది. ఈ పక్షి గూడు కట్టదు. బయలునేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డునే పెట్టును. బీళ్లు తరుగుటయు, వేటయు, విద్యుత్తీగలును దానిని క్షీణింపజేసినవి. రోళ్లపాడులో అది కానవచ్చుటయే నేడు అపురూపము. అట్టి పక్షి గ్రుడ్డు ఊరకుక్క నోటబడిన, ఆ నష్టమును పూడ్చుట యెవరి తరము?

ఇందు కుక్క దోషమేమియు లేదు. చురుకుతనము ప్రకృతి దానికిచ్చిన ధనము. పని దొరకినచో ఆ ధనమే రక్షణగా మారును. 1894లో న్యూజిలాండు దేశమున రిజల్యూషన్ దీవికి సంరక్షకుడైన రిచర్డ్ హెన్రీ, తన కుక్క మూతికి చిక్కము కట్టి, దాని సాయముతో ఎగురలేని కాకపో, కివి పక్షులను వెదకి పట్టి, వందలకొలది పక్షులను ఆ దీవికి చేర్చెను. ముంగిసను పోలిన స్టోట్ అను జంతువులు పిదప ఆ దీవికిని ఈదివచ్చుటచే ఆయన శ్రమ ఫలింపలేదు గాని, ఆయన చూపిన మార్గము నిలిచినది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 1997లో సామ్యూల్ వాసర్ ఆరంభించిన కార్యక్రమమునకు, ఇండ్లలో ఇముడలేక శరణాలయములకు చేరిన అలుపెరుగని కుక్కలనే ఏరికొనిరి. ఒక బంతి ఆటనే బహుమానముగా పొంది అవి వన్యమృగముల జాడలు పసిగట్టును. మన దేశమునను 2008 నుండి, పులిచర్మము, ఎముకలు మున్నగువాని దొంగరవాణాను పట్టించుటకు జాగిలములకు శిక్షణ నిచ్చుచున్నారు.

జింకలు పైరును మేయుచుండగా కుక్క తరిమిన తప్పేమి యని రైతు అడుగవచ్చును. ఆయన బాధ నిజమైనది. నష్టపోయిన రైతుకు పరిహారము సకాలమున అందుట న్యాయము. కాని కావలికుక్క వేరు, విడిచిన కుక్క వేరు. మొదటిది యజమాని పిలుపు విని, మందను చేను దాటించి మరలివచ్చును. రెండవదానికి పిలుచువాడే లేడు. అది నేడు జింకపిల్లను చంపును. రేపు ఆ రైతు గొఱ్ఱెపిల్లనే చంపును.

పత్తికొండకును గుత్తికిని నడుమ ఎర్రగుడి వద్ద అశోకుని శిలాశాసనములు కలవు. తన వంటశాలలో జరుగుచుండిన జీవహింసను తగ్గించిన సంగతిని ఆ చక్రవర్తి అందు చెక్కించెను. లోకమునకు దయను బోధించువాడు మొదట తన వంటయింటిని సరిదిద్దుకొనెను. కుక్కను పెంచు బాలుడును తన పెరటినుండియే ఆరంభింపవలెను. దానికి పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయింపవలెను, ఉదయసాయంకాలములందు త్రాటితో పట్టుకొని అలయునంత నడిపింపవలెను, పిలిచిన వచ్చుట నేర్పవలెను, రాత్రి కట్టివేయవలెను. చేలలో జింకపిల్ల ఒంటరిగా కనబడిన దానిని తాకరాదు, ఇంటికి తేరాదు. తల్లి సమీపముననే యుండును. గాయపడినదైన అటవీశాఖవారికి తెలుపవలెను.

వేసవిలో బాలునికి ఇంతకంటె మంచి యుద్యోగము లేదు. దీనికి జీతము లేదు, సెలవును లేదు. బడి తెరచిన పిదపను ఆ కుక్క త్రాడు అతని చేతిలోనే యుండవలెను. ఆనాడే అతడు దానిని నిజముగా పెంచినవాడగును.